పదకొండు నిమిషాలు ముందున్న గడియారం

కిందటి వారం మేడమ్‌ను సర్వర్ గది తలుపు దగ్గర నిలబెట్టి మనం మన దారిన వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం, కాళ్ళలో డబుల్ డ్యూటీల తీపులు. అగ్నిమాపక కంట్రోల్ రూమ్ కంప్యూటర్లన్నీ ఆమె చేతి కింద నడుస్తాయి. ఆ కాగితంలో ఉన్నది ఒక్కటే మాట, ప్రమాదం జరిగిన రోజున కంట్రోల్ రూమ్ గడియారం సరిగ్గానే ఉందని. సాయంత్రంలోగా సంతకం కావాలని ఇన్‌చార్జి, అంటే అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన, అప్పటికి రెండుసార్లు కబురు పెట్టాడు.

ఆ సంతకం ఎవరి మెడకు చుట్టుకుంటుందో కూడా మనకు తెలుసు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఒకాయన మామగారింట్లోనే కాపురముంటున్నాడు. ఆ ఇంట్లో మంటలు లేచాయి. మామగారు దక్కలేదు. మధ్యాహ్నం టీవీలో వార్తలు మొదలవుతుండగానే ఫోన్ చేశానంటాడు అల్లుడు. వార్తలు మొదలైన పదకొండు నిమిషాలకు గానీ ఫోన్ రాలేదంటుంది రికార్డు. ఆ పదకొండు నిమిషాలూ ఏం చేస్తూ కూర్చున్నావని బావమరిది అందరిలో నిలదీశాడు. ముసలాయన ఎప్పుడు పోతాడా, ఇల్లు ఎప్పుడు చేతికొస్తుందా అని చూస్తున్నావన్నాడు. అప్పటినుంచి భార్య కూడా ఆయన మొహం చూడటం మానేసింది.

పోనీ ఆయన సెల్‌ఫోన్ చూద్దామంటే అది ఆ మంటల్లోనే బూడిదైంది. ఫోన్ కంపెనీని అడుగుదామంటే కోర్టు కాగితం తెమ్మన్నారు. కోర్టు కాగితం రావాలంటే కేసు ఉండాలి. కేసంటూ పడితే అది ఆయన మీదే పడుతుంది. ఇన్ని తలుపులూ మూసుకుపోయాక మిగిలింది మేడమ్ సంతకం ఒక్కటే. ఆవిడేమో ఎంక్వైరీలో మొదటి రోజే చెప్పేసింది: "మా దగ్గర రెండు సర్వర్లున్నాయి సార్, కాల్స్ రాసుకునేది ఒకటి, ఫోన్లు నడిపేది ఒకటి. రెండూ సెకను తేడా లేకుండా ఒకే టైమ్ చెప్తున్నాయి. తప్పయ్యే అవకాశం లేదు."

తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, వెనకనుంచి "అమ్మా" అని వినిపించింది.

కళ్ళజోళ్ళాయనే. రెండు చేతులకూ కట్లు. మామగారి కోసం లోపలికి ఉరికినప్పుడు కాలిన చేతులు అవి. గడ్డం మాసిపోయి, చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నాడు. ఆ వేళ్ళతో అంతకంటే పెట్టుకోలేడు. పెట్టే మనిషి మాట్లాడటం లేదు.

"పెద్దసారు రమ్మన్నారమ్మా. మా ఆవిడ కూడా వస్తోంది. మీరు సంతకం చేశాక మా ఇద్దరి ముందూ చదివి వినిపిస్తారట. మూడింటికన్నారు కదా, ఇంకా టైముందని మెల్లిగా నడుచుకుంటూ వచ్చా. ఇక్కడ గడియారం చూస్తే గుండె జారిపోయింది. మూడు దాటేసింది."

మేడమ్ గోడ వైపు తల కూడా ఎత్తలేదు. "కంగారుపడకండి. అది కాస్త ముందుంటుంది. స్టాఫ్ టైముకి రావాలని మా పెద్దసారు కావాలనే ముందు పెట్టించారు."

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. నేను బద్ధకస్తుణ్ణని మామగారు పది నిమిషాలు ముందు పెట్టేవారు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అయినా రోజూ 'అల్లుడుగారూ, ఆలస్యమైపోయింది' అనేవారు." నవ్వబోయి ఆగిపోయాడు. కట్టు కట్టిన చేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

 మేడమ్ అడగకూడని మాటే అడిగింది. "మీరు నిజంగా వార్తలు మొదలైనప్పుడే చేశారా?"

"ఎంతమంది అడిగారోనమ్మా ఈ మాట. అడిగినప్పుడల్లా అదే చెప్పా. ఇప్పుడు నాకే అనుమానం పట్టుకుంది. మిషన్ అబద్ధం చెప్పదంటున్నారు కదా అందరూ? మధ్యలో ఏదో వార్త విని మొదలనుకున్నానేమో. పొగ చూసి బిత్తరపోయి అలా నిలబడిపోయానేమో. సరే, ఆలస్యం నాదే, ఒప్పేసుకుంటా, ఒక్కమాట మాట్లాడు అని మా ఆవిడతో అనేద్దామనుకున్నా. ఒప్పుకుంటే మరి అసలే మాట్లాడదు కదా అని ఊరుకున్నా."

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. మేడమ్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సర్వర్ గదిలో ఎప్పుడూ చలి, ఎప్పుడూ హోరు. కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచి, చల్లటి నేల మీద పాదాలు ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్ర రాలేదు. తాను బయట అన్న మాటే చెవిలో జోరీగలా తిరుగుతోంది. కావాలనే ముందు పెట్టించారు. పెట్టించారు సరే, ఎవరిచేత పెట్టించారు?

ఆ భవనంలో గోడ గడియారాలకు తిప్పే పిడి ఉండదు, మేకు మీంచి దించి సరిచేసుకునే వీలూ ఉండదు. అవన్నీ వైర్ల మీద ఆమె సర్వర్ నుంచే టైమ్ తెచ్చుకుని చూపిస్తాయి. వాటిని ముందుకు జరపాలంటే ఎవరైనా వచ్చి ఆమెనే అడగాలి. ఆమెను ఎవరూ అడగలేదు.

మేడమ్ కళ్ళు తెరిచింది.  గోడ గడియారం ముందుందంటే, తన సర్వరే ముందుందన్నమాట.

నెలల తరబడి ఆఫీసంతా ఆ గడియారాన్ని చూసి పెద్దసారు మీద జోకులేసుకున్నారు. ఆయన పెళ్ళికి కూడా ముహూర్తం కంటే ముందే తాళి కట్టేసి ఉంటాడన్నారు. బస్సు రోజూ ఆలస్యంగా వస్తోందని డ్రైవర్‌ను తిట్టుకున్నారు. ఇంట్లో గడియారం ముందుకు పెట్టుకునే అలవాటున్న మనుషులు కాబట్టి ఆఫీసులో గడియారం ముందుంటే ఒక్కరికీ వింత అనిపించలేదు. రోజంతా సర్వర్ల మధ్య బతికే మేడమ్‌కు కూడా అనిపించలేదు. అదీ అసలు సిగ్గుపడాల్సిన సంగతి.

స్క్రీన్ ముందుకు జరిగి సెట్టింగులు తెరిచింది. సర్వర్ లోపల ఉండే గడియారం మన చేతి గడియారం లాంటిదే, దానికి దేవుడిచ్చిన జ్ఞానం ఏమీ ఉండదు. కొన్ని పరుగెడతాయి, కొన్ని ఈడుస్తాయి. అందుకే అది మధ్యమధ్యలో నెట్‌వర్క్ మీద బయటి టైమ్ సర్వర్‌ను "ఎంతైంది?" అని అడిగి తనను తాను సర్దుకుంటూ ఉంటుంది. వైరస్ భయంతో పైఆఫీసు వాళ్ళు బయటి లైన్లన్నీ మూసేసినప్పుడు ఆ అడగడం ఆగిపోయింది. బయట ఎవరూ పలకడం లేదని తెరనిండా ఎర్ర అక్షరాలు. ఆ రోజు పది పనుల మధ్య మేడమ్ ఏం చేసిందంటే, ఇకనుంచి కింద అంతస్తులో ఉన్న ఫోన్ల సర్వర్‌ను అడుగు, అక్కడా ఏమీ దొరక్కపోతే ఉన్నదాన్నే నమ్ముకో అని తన సర్వర్‌కు చెప్పింది. ఎర్ర అక్షరాలు పోయాయి. ఫోన్ల సర్వర్‌కు బయటితో సంబంధం ఉండే ఉంటుంది, ఆయన చూసుకుంటాడులే అనుకుంది.

ఆయన అంటే ఆమె భర్త. ఫోన్ల గది ఆయన రాజ్యం. ఏ పనైనా నింపాదిగా చేస్తాడని ఆఫీసులో ఆయన్ని తాపీ మేస్త్రి అంటారు. ఇటుక పట్టుకున్న పాపాన ఎన్నడూ పోలేదు.

మేడమ్ మెట్లు దిగి వెళ్ళేసరికి ఆయన ఒక పాత టెలిఫోన్‌ను విప్పి, స్క్రూలన్నీ గుడ్డ మీద వరసగా పేర్చుకుంటున్నాడు.

"ఏవండీ, మీ సర్వర్ టైమ్ ఎవర్ని అడుగుతోంది?"

"ముందు కూర్చో. మొహం చూడు, వాడిపోయి ఎలా ఉందో. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"అడిగినదానికి చెప్పండి."

"ఎవర్ని అడుగుతుంది, నీదాన్నే. బయటి లైన్లు మూసేశారు కదా? ఎర్ర అక్షరాలు గోలపెడుతుంటే నీ సర్వర్ వైపు తిప్పేశా. నీ పని పక్కాగా ఉంటుంది కదా అని."

"నాది మీదాన్ని అడుగుతోంది."

ఆయన చేతిలో స్క్రూ చేతిలోనే ఉండిపోయింది. కాసేపు ఆమెనూ, గోడ గడియారాన్నీ, మళ్ళీ ఆమెనూ చూశాడు.

"మరి బయట అడిగేదెవరు?"

"ఎవరూ లేరు."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ సంభాషణ వాళ్ళకు కొత్త కాదు. నీళ్ళ పంపు నువ్వు కట్టేశావనుకున్నా, పెరుగు నువ్వు తోడుపెట్టావనుకున్నా, గొళ్ళెం నువ్వు వేశావనుకున్నా. ఇంట్లో అయితే ట్యాంకు ఖాళీ అవుతుంది, పాలు విరుగుతాయి, ఒక పూట మాటలు తగ్గుతాయి. ఇక్కడ ఇద్దరి సర్వర్లూ ఒకదాన్నొకటి అడుగుతూ, ఒకదానికొకటి తలూపుకుంటూ, ముసలి పెట్టె ఒకటి రోజూ కాస్త పరుగెడుతుంటే రెండోది దాని వెనకే పరుగెత్తింది. రెండింటికీ మధ్య సెకను తేడా లేదు మరి. ఎందుకుంటుంది?

"తేడా రాలేదని మురిసిపోయాం కదే," అన్నాడాయన. నవ్వు రాబోయి, భార్య మొహం చూసి లోపలికి మింగేశాడు.

మేడమ్ స్టాఫ్ అందరిలాగే గేటు దగ్గర లాకర్‌లో పెట్టిన తన సెల్‌ఫోన్ తెప్పించుకుని గోడ గడియారం పక్కన పట్టుకుంది. పదకొండు నిమిషాలు. కళ్ళజోళ్ళాయన చెప్పినదానికి, రికార్డు చెప్పినదానికి మధ్య ఎంత తేడా ఉందో సరిగ్గా అంత.

ఆమె అక్కడే స్టూల్ మీద కూర్చుని ఏడ్చేసింది. "ఆ మనిషి తన మాట తనే నమ్మడం మానేశాడండీ. ఆలస్యం నాదేనేమో అంటున్నాడు. నేను కదా మిషన్ తప్పు చెప్పదన్నది? ఆ మాట పట్టుకునే కదా పెళ్ళాం కూడా మాట్లాడటం మానేసింది?"

"ఊరుకో. ఒక్కదానివే చేశావా ఏంటి? ఇద్దరం చేశాం." ఆయన గుడ్డ మీది స్క్రూలన్నీ ఒక డబ్బాలోకి ఒంపేశాడు. వరసగా పేర్చినవన్నీ కలిసిపోయాయి. ఆయన అలా చేయడం ఆమె ఎన్నడూ చూడలేదు. "ఉద్యోగాలు పోతాయేమో."

"పోతే పోనీండి. నాకిక ఓపిక లేదు. నేను వెళ్ళి పెద్దసారుకి చెప్తాను. మీరూ రండి."

"నువ్వు పద. ఇక్కడ నేను చూసుకుంటాలే."

నేను చూసుకుంటాలే. ఆ మాట వింటే చాలు, ఆమెకు సగం అలసట తీరుతుంది. గది తాళం వేసి వస్తాడు కాబోలు అనుకుని మెట్లెక్కింది. ఇంకేం చూసుకుంటారని అడగాలని తోచలేదు.

పెద్దసారు గదిలో ముసలాయన కూతురు, అంటే కళ్ళజోళ్ళాయన భార్య, ఇటువైపు కుర్చీలో కూర్చుని ఉంది. మనిషి నిద్రలేక పీక్కుపోయింది. కళ్ళజోళ్ళాయన కుర్చీ ఖాళీగా ఉన్నా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దసారు కలం మూత తీసి సిద్ధంగా టేబుల్ మీద పెట్టాడు.

మేడమ్ సంతకం చేయలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. లైన్లు మూయడం, తను కింది సర్వర్‌ను అడగమనడం, కిందిది మళ్ళీ తనదాన్నే అడగడం, గడియారాలు మెల్లిమెల్లిగా ముందుకు పోవడం. "మీరే కావాలని ముందు పెట్టించారనుకున్నాం సార్, అందరం."

"నేనా?" పెద్దసారు నిజంగానే తెల్లబోయాడు. "నేనెందుకు పెట్టిస్తానమ్మా? నా సర్వీసు మొత్తంలో గడియారంతో దొంగాటలాడలేదు. ఏం మాట్లాడుతున్నావ్?"

"అమ్మాయ్, నీ దగ్గర సెల్‌ఫోన్ ఉందా?" మేడమ్ ఆ ముసలాయన కూతురి వైపు తిరిగింది. "తీసి ఆ గోడ మీది టైముతో పోల్చి చూడు. మీ ఆయన చెప్పింది నిజమో కాదో నీకే తెలుస్తుంది."

ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. ఇన్నాళ్ళ తర్వాత ఆయన కళ్ళలోకి సూటిగా చూడటం అదే. ఆ చూపులో కోపం లేదు, నిజం కావాలి, నిజం కావాలి అన్న ఆశ ఒక్కటే ఉంది. ఆయన గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టి తడబడుతూ వెతుకుతోంది.

అప్పుడే తలుపు తోసుకుని తాపీ మేస్త్రి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. భార్య పక్కన నిలబడి, ఆమెకు మాత్రమే వినపడేలా చెవిలో అన్నాడు.

"అయిపోయింది. పైఆఫీసుకి ఫోన్ చేసి లైన్ తెరవమన్నా. అడిగిన వెంటనే తెరిచేశారు. ఇన్నాళ్ళూ మనమే అడగలేదు. రెండింటినీ ఆపి, పాత అలారాలు, ఆ ఎర్ర అక్షరాలన్నీ తుడిచేసి, బయటి టైముకి కలిపేశా. శుభ్రంగా ఉంది. నువ్విక హాయిగా ఉండు."

జన్మలో ఒక్కసారి ఆ మనిషి చురుగ్గా పనిచేశాడు. మేడమ్ గోడ గడియారం వైపు తల తిప్పింది. 

"ఒకటే ఉంది," అంది ఆ అమ్మాయి.

ఫోన్ వంక చూసింది, గోడ వంక చూసింది, మళ్ళీ చూసింది. "రెండూ ఒకటే ఉన్నాయి." ఆ గొంతులో ఇందాకటి ఆశ లేదు.

"ఇందాక ముందుంది!" కళ్ళజోళ్ళాయన అరిచాడు. "బయట బెంచీ దగ్గర నేను చూశా. మేడమ్ కూడా అన్నారు కదమ్మా, ముందుంటుందని? చెప్పండమ్మా!"

"ఇప్పుడు సరిచేశారు. కాసేపటి క్రితం దాకా తప్పే ఉంది," అంది మేడమ్.

పెద్దసారు గోడ మీది గడియారం వైపు చూశాడు. తర్వాత మణికట్టు మీది వాచీ వైపు చూశాడు. మళ్ళీ గోడ వైపు. వాచీ మాత్రం ఇంకా పదకొండు నిమిషాలు ముందే ఉంది. రోజూ పొద్దున్నే గదిలోకి రాగానే ఆయన చేసే మొదటి పని ఆ వాచీని గోడ గడియారంతో కలుపుకోవడం. ఎడమ చెయ్యి మెల్లిగా టేబుల్ కిందికి వెళ్ళింది, కుడి చెయ్యి దాని వెనకే వెళ్ళింది. రెండు వేళ్ళు చిన్న పిడిని తిప్పుతుంటే మోచెయ్యి కదలడం మేడమ్‌కు కనిపించింది. ఆమె చూడటం ఆయనకూ కనిపించింది. చేతులు మళ్ళీ టేబుల్ మీదికి వచ్చేసరికి వాచీ గోడతో కలిసిపోయింది.

"సరిగ్గానే ఉందిగా," అన్నాడాయన నిదానంగా. "గడియారం సరిగ్గా ఉందని రాయడానికి నీకేంటమ్మా అభ్యంతరం? పెట్టెయ్, అందరూ ఇళ్ళకి వెళ్దాం. అందరం అలిసిపోయాం."

కారిడార్‌లో ఎవర్ని అడిగినా గడియారం ముందుండేదని చెప్తారు. ఆయన ఎదురుగా నిలబడి చెప్పే మొనగాడెవడు?

"ఎవరు చూశారు?" ఆ అమ్మాయి లేచి నిలబడింది. "తప్పుందంటున్నారు కదా, ఎవరు చూశారో చెప్పండి. మా ఆయన కాకుండా. మా ఆయన మీద జాలిపడి చెప్పేవాళ్ళు కాకుండా. నేను నమ్మాలనే వచ్చానండీ ఇక్కడికి. నమ్మడానికి ఏదో ఒకటి ఇవ్వండి."

"నేను చూశాను. మావారు చూశారు."

పెద్దసారు తాపీ మేస్త్రి వైపు తిరిగాడు. గొంతు మెత్తగానే ఉంది. "ఏమయ్యా, ఎంక్వైరీలో ఉన్న మిషన్‌ను ఎవరూ ముట్టుకోకూడదని నోటీసు అంటించాం, గుర్తుందా? ముట్టుకుంటే ఉద్యోగంతో పోదు, పోలీసుల దాకా వెళ్తుంది. ఇప్పుడు అడుగుతున్నా. ఆ గడియారాన్ని నువ్వు ఈరోజు ముట్టుకున్నావా? తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పు."

తాపీ మేస్త్రి భార్య వైపు చూశాడు. ఎవరేం అడిగినా ముందు ఆమె మొహం చూసి, అక్కడ ఉన్న జవాబే చెప్పడం ఆయన పద్ధతి. పిల్లల బడిలో అంతే, చుట్టాలింట్లో అంతే, ఏ చొక్కా వేసుకోవాలన్నా అంతే. ఆమె కళ్ళు ఔనంటే ఆయన ఔనంటాడు, జైలుకైనా వెళ్తాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

కానీ ఆ అమ్మాయి ఆయన్ని చూడటం లేదు. మేడమ్ కళ్ళనే రెప్పవేయకుండా చూస్తోంది, ఈ మొగుడి నోట్లో మాట ఈ పెళ్ళామే పెడుతుందా అన్నట్టు. ఒక్క సైగ కనిపించినా ఇక ఆయన ఏం చెప్పినా ఆమెకు అక్కరకు రాదు.

మేడమ్ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ మనిషిని ఒక ప్రశ్న ముందు ఒంటరిగా వదిలేయడం ఆమెకు అదే మొదలు. 

 వెనక తాపీ మేస్త్రి గొంతు సవరించుకోవడం వినిపించింది.

"అమ్మా," అన్నాడాయన. పెద్దసారుతో కాదు, ఆ అమ్మాయితో.